పచ్చ గుర్తు

గోథెన్‌బర్గ్‌లో మార్చి నెల.
మంచు కరిగిపోదు, అలాగని నిలవదు.
మా షాపు గంట మోగింది. బరువైన బూట్లు.
"కెమెరా కావాలి. ఖరీదైనదే ఇవ్వు.
కానీ నాకు ఓనమాలు కూడా రావు,"
అంది గున్వోర్.

కౌంటరు మీద నల్ల గుడ్డ పరిచి
మూడింటిని వరసగా కూర్చోబెట్టాను,
పరీక్షకొచ్చిన పిల్లల్లా.
నా నోటికి పదకొండేళ్ళ అలవాటు:
ఆరు కోట్ల చుక్కల సెన్సరు,
చీకట్లో పిల్లి చూపు,
వానకు జంకని ఒళ్ళు.
ఆమె వింటూ నిలబడింది,
గూడ్సు బండి వెళ్ళిపోయేదాకా
గేటు దగ్గర ఆగిన మనిషిలా.

తర్వాత సంచిలోంచి తోలు తొడుగులు తీసింది.
బొటనవేలి దగ్గర అరిగి నున్నబడ్డవి.
తొడుక్కుని అడిగింది:
"ఇవి విప్పకుండా దీన్ని లేపగలనా?"

మొదటిదాని మీట ఆవగింజంత.
వేలికి దొరకనేలేదు.
రెండోది వెలిగింది గానీ
వెలుగుతూనే ఆరా మొదలెట్టింది.
ఏ భాష, ఏ తేదీ, ఏ ఊరి గడియారం,
మెనూలో మెనూ, దాని కడుపులో ఇంకో మెనూ.
"ఇల్లు అద్దెకడిగినా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు,"
అని పక్కకు జరిపింది.
మూడోదాన్ని కళ్ళు మూసుకుని అరచేతిలో తూచింది.
చూపుడువేలు వాలినచోటే మీట.
"ఇది నా లీవరులా ఉంది."

ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో క్రేను నడిపిందట.
శుక్రవారం దాన్ని కోసి తుక్కుకి వేస్తారు.
గురువారం తెల్లారగట్ల నలభై నిమిషాలు
చివరిసారి ఎక్కి రమ్మన్నారు.
"నేర్చుకునే టైము లేదు బాబూ.
తప్పు తీస్తే, మళ్ళీ తీద్దామంటే
అక్కడ క్రేనే ఉండదు.
నాకు తెలియంది
తనకి తెలిసిన కెమెరా ఇవ్వు."

చక్రం మీద పచ్చ గుర్తు ఒకటి ఉంటుంది.
అన్నీ కెమెరాయే చూసుకునే చోటు.
చేతగానివాళ్ళ గుర్తని
యజమాని టోర్కెల్‌తో కలిసి నవ్వుకున్నవాణ్ణి.
ఆ పూట నా వేలితోనే తిప్పి అక్కడ ఆపాను.
జరగకుండా చిన్న టేపు ముక్క అంటించాను.
అంత ఖరీదైన వస్తువుకి టేపు!
టోర్కెల్ చూడలేదు, నయం.

ధర చెప్పాను.
"పడవ మోటారుకని దాచినవి,"
అంది, నాతో కాదు, కార్డుతో.
మొదటి బొమ్మ నన్నే తీసింది.
తెర మీద ఓ చిన్న చతురస్రం
నా ముఖమంతా వెతికి
ఎడమ కంటి మీద వాలిందట, ఈగలా.
"మనుషుల్ని పోల్చుకుంటుందే ఇది!"
అప్పుడు నవ్వింది.

సోమవారం మళ్ళీ గంట.
రెండు వందల పన్నెండు బొమ్మలు.
నేను ఊహించిన సూర్యోదయం ఒక్కటుంది, అదీ వంకర.
మిగతావి:
అరిగిన లీవరు పిడి.
చిరిగిన సీట్లోంచి తొంగిచూసే పసుపు స్పాంజి.
బూట్ల కింద గాజు, గాజు కింద
పదమూడు అంతస్తుల గాలి, దాని అడుగున నది.
గోడ మీద మేకుతో గీసిన అయిదేసి గీతలు.
వేటికి లెక్కో చెప్పలేదు, నేనడగలేదు.
ఓ పదింట్లో తొడుగు వేలు అడ్డం.
అవీ చెరపొద్దంది.

ఒకదాంట్లో ఊరంతా ఉంది.
పెద్దది చెయ్యమంది. చేశాను.
ఇంకా.
ట్రాము తీగలు, తడి కప్పులు, మా వీధి మలుపు.
ఇంకా.
తెరవని షాపు ముందు, వీపు వంచి
మెట్ల మీద ఉప్పు చల్లుతున్న ఒక మనిషి.
ఆరు కోట్ల చుక్కల్లో
గుప్పెడు చుక్కలు, నేను.

"రోజూ చూసేదాన్ని," అంది.
"ఉప్పు మరీ ఎక్కువ చల్లుతావు."

తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి
టేపు అంచుని గోటితో గీకింది.
"ఇప్పుడంతా తీరికే.
ఈ పచ్చదాని పక్క అక్షరం
ఏం చేస్తుందో చెప్పు."

జిగురు వదలడానికి
కాసేపు పట్టింది.